బండ రాసిన జాబు

ఆదివారం సాయంత్రం నాలుగు గంటల ముప్పై అయిదు నిమిషాలకు, చింతామణి పట్టణంలో, ఒక మేడమీది గదిలో, ఒక బండ రాసిన జాబు మాయమైంది.

కవరు ఉంది. కవరుకు జిగురు ఉంది. లోపల నాలుగు మడతల కాగితం కూడా ఉంది.

కాగితం మీద మాత్రం ఒక్క అక్షరం లేదు.

సోమవారం పదిన్నరకు ఈ ఘోరాపరాధం పిటిషన్ రూపంలో స్టేషన్ మెట్లెక్కింది. అధికారి దాన్ని రెండుసార్లు చదివాడు. మూడోసారి పైకి చదివి, నవ్వాపుకుంటూ ఏ.ఎస్.ఐ. వెంకటరాయప్పను పిలిచాడు.

"రాయప్పా, బండ జాబు రాసిందంట. ఎవరో కొట్టేసినారంట. పోయి విచారించండి. బండ స్టేట్‌మెంట్ మాత్రం అడగొద్దండి, అది పోయి పద్దెనిమిది దినాలయింది."

వెంకటరాయప్ప నవ్వలేదు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఆయన దిగ్విజయాలు సామాన్యమైనవి కావు. మిట్టేమరిలో తప్పిపోయిన పాడి ఎనుమును అడుగుల ఆనవాలుతో అయిదు మైళ్లు వెంటాడి పట్టాడు. శిడ్లఘట్టలో మాయమైన పట్టుగూళ్ల మూటను కేవలం ముక్కును నమ్ముకుని కనిపెట్టాడు. గుడిబండె బస్సులో పోయిన పెళ్లికూతురి పెట్టెను ముహూర్తానికి అరగంట ముందు మండపానికి చేర్చాడు. రిటైర్మెంటుకు ఇంకా రెండు నెలలే ఉంది. ఇంతటి వీరుడి మీదికి విధి కట్టకడపటి శత్రువుగా ఒక తెల్ల కాగితాన్ని పంపింది.

టోపీ సవరించుకుని బయలుదేరాడు.

పిటిషన్ ఇచ్చినావిడ నాగరత్న. వయసు యాభై నాలుగు. ప్రాథమిక పాఠశాలలో కన్నడ టీచరు. పుట్టింటివారూ మెట్టినింటివారూ మూడు తరాల కిందటి వరకు గుడి సేవలో ఉన్నవారే. భర్త పోయి తొమ్మిదేళ్లు. ఒక్కడే కొడుకు, అనిరుద్ధ. ఇరవై ఏడేళ్లు. పుట్టుకతోనే గుండెలో లోపం. బెంగళూరులో ఒక గురువారం ఆపరేషన్ బల్ల మీదే పోయాడు.

పదకొండు గంటల ఇరవై నిమిషాలకు వెంకటరాయప్ప నోటుబుక్కు తెరిచాడు.

"జాబు ఎవరు రాసిందమ్మా?"

"మా అనిరుద్ధనేప్పా. వాళ్ల ఆటలో వాడు బండ."

"ఆటంటే?"

"మేడమీద ఆదివారమాదివారం ఆడతారు. నాలుగేండ్లుగా. నాకూ పూరా తెలీదు. ఒకరు కత చెబుతారు, మిగతావాళ్లు దాంట్లో మనుషులు. మనుషులు కాదులే, మనుషులు కానివాళ్లు."

వెంకటరాయప్ప 'మనుషులు కానివాళ్లు' అని రాసుకుని, కింద గీత గీశాడు.

"జాబు ఎప్పుడు రాసినాడు?"

"ఆపరేషన్‌కు ముందు ఆదివారం. ఆట నడిమధ్యలో ఆగింది. తరువాత వచ్చే ఆదివారానికి నేను లేకపోతే ఇది తెరిచి, దీంట్లో ఉండేట్లు ఆడండని కత చెప్పే వినుత చేతికిచ్చినాడంట. ఆ పాప రేకుపెట్టెలో పెట్టింది. పెట్టెకు బీగం లేదు. గది బీగంచెవి మెట్ల పక్కన మేకుకే వేలాడతా ఉంటాది."

"తెరిచింది నిన్నే గదా?"

"పదమూడు దినాలు అయ్యేదాకా ఎవరూ పైకెక్కలేదు. శుక్రవారం సాయంత్రం ఆడే ముగ్గురికీ ఫోన్ చేసి చెప్పినా. ఆదివారం తెరవండి, నేనూ వచ్చి కూచుంటా అని."

"ముగ్గురూ ఏమన్నారు?"

"సరేనన్నారు. ఏమంటారు?"

శుక్రవారం జాబు కవరులోనే ఉంది. ఆ సాయంత్రం ఆరింటికి వినుత వచ్చి కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. ఆకుపచ్చ సిరా గీతలు నీడలుగా కనిపించాయి. అక్కడే నాగరత్న కూడా ఉంది. కాబట్టి నేరం జరిగింది శనివారమో, ఆదివారమో. శనివారం ముగ్గురూ ఒక్కొక్కరే వచ్చారు. తొమ్మిదిన్నరకు వినుత, ఆట పటాలు సర్దడానికి. పదకొండుంబావుకు అమరేష్, ఫ్యాను బాగుచేయడానికి. అయిదింటికి ప్రేమ, చాపలు దులపడానికి.

"ఆదివారం జరిగింది జరిగినట్లు చెప్పమ్మా. టైము తప్పకుండా."

"నాలుగింటికి వచ్చినారు. చెప్పులు గడప బయట విడిచి లోపలికి పోయినారు. నాలుగూ పదికి నేను టీ తీసుకుపోతి. మూడు గ్లాసులు, ఒక స్టీలు స్ట్రా."

"టీకి స్ట్రా ఎందుకు?"

"అదేదో వాళ్ల ఆటలోదిలేప్పా. నాలుగేండ్లుగా పెడతాండా, పెట్టినా. అందరూ తాగినారు, చుక్క మిగల్లేదు. గ్లాసుల తట్ట పక్కన పెట్టినాక కవరు తెరిచినారు. తెల్ల కాగితం."

"తట్ట ఎవరు కడిగినారు?"

"నేనే. మూడు గ్లాసులూ కడిగినా. స్ట్రా పొడిగానే ఉండె, అట్లే డబ్బాలో వేసినా. ఇదంతా రాసుకుంటాండావా నువ్వు?"

"రాసుకుంటాండానమ్మా. సర్వీసంతా ఇట్లే. పనికొచ్చేదేదో ముందే తెలిస్తే నాకు స్టేషన్ ఎందుకు, జాతకాలు చెప్పుకుంటా ఉందును."

ఆమె కొంచెం నవ్వింది. పద్దెనిమిది దినాల తరువాత వచ్చిన నవ్వు కావడంతో అది సగంలోనే దారి తప్పింది.

"అమ్మా, ఇది ఆట కాగితం. దీనికి పోలీసు దాకా..."

నాగరత్న చీర కుచ్చిళ్ల వైపు చూస్తూ చెప్పింది.

"బతికేది కష్టమని డాక్టరు నాకొక్కదానికే చెప్పినాడప్పా. రిపోర్టు ఇచ్చినాడు. దాన్ని నేను దాచిపెడితి. వానికి చిన్న ఆపరేషన్, అయిదు దినాలకు ఇంటికొస్తావంటి. వాడు సరేనమ్మా అన్నాడు. బట్టలు సర్దుకున్నాడు. నన్ను నమ్మి పోయినాడా, తెలిసే పోయినాడా? అది ఒక్కటి నాకు తెలియాల. వాడు ఆఖరున రాసిన కాగితం అదే. దాంట్లో ఉంటాది."

వెంకటరాయప్ప నోటుబుక్కు మూశాడు. ఈ ఒక్క మాట రాసుకోలేదు.

సాయంత్రం అయిదింటికి వినుత వచ్చి గది చూపించింది. ముప్పై ఏళ్ల లెక్చరరు. కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది, ఆదివారాలు మాత్రం న్యూటనుకు సెలవిచ్చి గద్దలకూ నాగులకూ ధర్మం చెబుతుంది. ఆ ఆటలో ఆమె సూత్రధారి. లోకాన్ని సృష్టించడం, స్థితి కాపాడడం, అవసరమైతే ప్రళయం తెప్పించడం, ఈ మూడు పోర్ట్‌ఫోలియోలూ ఆమెవే.

నేల మీద చాప. మధ్యలో పొట్టి బల్ల. బల్ల మీద ఇరవై ముఖాల పాచిక.

"ఇదే సార్ ఆట. నేను చెబుతా, ఎదురుగా మంట వస్తాండాది, ముందర గండి, గండి మీద పాత వంతెన, ఏం చేస్తారని. వాళ్లు చెబుతారు. అవుతుందో కాదో సందేహమొస్తే పాచిక."

"మనుషులుగా ఎందుకు ఆడరమ్మా?"

"వారమంతా మనుషులమే కదా సార్."

ఆమె ఒక ఫారం ఇచ్చింది. పేరు. బలం. వేగం. వాటికన్నా పైన, జాతి. వెంకటరాయప్ప తన జీవితంలో వేలకొద్దీ ఫారాలు నింపించాడు. మనిషి తన జాతిని తానే ఎంచుకునే వీలున్న దరఖాస్తు ఈ భూమండలం మీద ఇదొక్కటేనని ఆయనకు ఆ క్షణాన తోచింది.

"అనిరుద్ధ బండను ఎందుకు ఎంచుకున్నాడు?"

"మొదటి రోజు అందరికీ జాతుల పుస్తకం ఇచ్చి చూసుకోండంటి. వాడు తిరగెయ్యలేదు. గుండె లేని జాతి ఏదైనా ఉండాదా అక్కా అన్నాడు." వినుత పాచికను ముట్టి, వెంటనే వదిలింది. "కొండ గుండ్ల జాతి ఒకటుండాది, దానికి గుండె ఉండదు, ఎంత ఎక్కినా ఆయాసం రాదంటి. అదే కావాలన్నాడు. నాలుగేండ్లు అన్ని కొండలూ ముందు వాడే ఎక్కేవాడు."

"ఆ జాబులో ఏముందో తెలుసా?"

"తెలీదు సార్. గండి దగ్గర బండ ఏం చేస్తాదో రాసినాడు. ఇరవై నిముషాలు రాసినాడు, రెండు వైపులా. అంత రాసేదేముంటాదని అడిగితే, బండలు నిదానంగా రాస్తాయక్కా అన్నాడు."

"నీకు నచ్చనిదేదైనా రాసుంటాడని భయపడి మార్చలేదు కదా?"

"మార్చాలంటే చించాల్సిన పని లేదు సార్. భూకంపం తెప్పిస్తా."

గదిలోకి రావడానికి ఒక నియమం ఉందని కూడా చెప్పింది. గడప దగ్గర చెప్పులతో పాటు మనిషినీ విడవాలి. ఆట ముగిసి, మళ్లీ గడప దాటేవరకు ఎవరి జాతి వారిది. ఆదివారం కూడా అంతే. ఏడుస్తూనే గద్ద రెక్కలు ముడుచుకుని కూచుంది. దుఃఖానికి మినహాయింపు లేదు. ఉంటే నాలుగేళ్ల పాటు ఎవరో ఒకరు వాడుకునేవారే.

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకు శిడ్లఘట్టలో గద్దను విచారించాడు. ప్రేమ రీలింగ్ యూనిట్‌లో నూలు తూకం చూస్తుంది. ఇరవై అయిదేళ్లుంటాయి. వేడినీళ్ల ఆవిరిలో గూళ్లు ఉడుకుతున్నాయి.

"గద్ద ఎందుకమ్మా?"

"ఈడ పొద్దస్తమానం పురుగులను రెక్కలు రాకముందే ఉడకబెడతారు సార్. రెక్కలొచ్చింది ఒకటన్నా ఉండాల కదా."

"శనివారం గదిలో ఎంతసేపున్నావు?"

"ముప్పావుగంట."

"రెండు చాపలు దులిపేదానికి?"

ప్రేమ తూకం పళ్లెం తుడిచింది. "వాడు కూచునే చాప దులపలేకపోతిని సార్. దులిపితే పోతాది కదా, ఏదుంటే అది."

వెంకటరాయప్ప పేజీ తిప్పాడు. "అమరేష్?"

"వాడు ముట్టుంటే తెలుస్తాది సార్. మెకానిక్ కదా. వాడు ముట్టినవన్నీ నల్లగా అయితాయి. మా పటాల మీద చూడండి, రాజ్యాలన్నిటికీ ఆయిలు మరకలే. ఈ కవరు చూస్తిరా, మల్లెపూవు."

నిజమే. కవరు మల్లెపూవు. ఫ్యాను బాగుచేసిన చేతులు దాన్ని ముట్టే అవకాశం లేదు. అమరేష్ పేరు ఎదురుగా ఏ.ఎస్.ఐ. సున్నా చుట్టాడు.

అయినా బుధవారం పదకొండింటికి బాగేపల్లి రోడ్డులో ఉన్న అతని షెడ్డుకు వెళ్లాడు. సున్నా చుట్టిన వారిని కూడా చూసి రావడం ఆయన పద్ధతి. అమరేష్ మోటార్ సైకిల్ ఇంజన్‌లో మోచేతుల దాకా ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లవాడు. అనిరుద్ధకు చిన్ననాటి స్నేహితుడు.

"నీదేం జాతి?"

"నాగు సార్."

"విషం కోసమా?"

"చేతులు ఉండవని సార్." అమరేష్ తన చేతులు పైకెత్తి చూపించాడు. గోళ్లు, గీతలు, మణికట్లు, అన్నీ ఒకే నలుపు. "పొద్దున ఏడింటి నుంచి ఈ చేతులే. అన్నం తినేటప్పుడు కూడా ఇంజన్ వాసనే. ఆదివారం నాలుగు గంటలు చేతుల్లేకుండా ఉందామని. దేన్నీ పట్టుకోను, ఎత్తను. పాచిక అనిరుద్ధనే వేసేవాడు నాకు. బండ చెయ్యి, నాగు అదృష్టం అనేవాడు."

"టీ ఎట్లా మరి?"

"స్ట్రా."

వెంకటరాయప్ప రాసుకున్నాడు. రాసుకున్నాడంతే.

"జాబు ఎవరు తీసుంటారంటావు?"

అమరేష్ ఇంజన్‌లోకి వంగాడు. "ఎవరన్నా తీసినారో లేదో. వాడే తెల్ల కాగితం పెట్టుంటాడు. మీ ఇష్టమొచ్చినట్ల ఆడుకోండని. వాడు అట్లాంటోడే సార్."

అది మంచి ఊహే. సూత్రధారి ఇరవై నిమిషాలు చూడకపోయి ఉంటే నమ్మదగినదే.

గురువారం, శుక్రవారం చట్టం అంధకారంలో తడుములాడింది. శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు స్టేషన్‌లో ఏ.ఎస్.ఐ. ముందు టీ గ్లాసు వచ్చింది. అంచు పట్టుకుని ఎత్తాడు. నోటిదాకా తెచ్చాడు.

అక్కడే ఆగిపోయాడు.

గ్లాసు బల్ల మీద పెట్టి నోటుబుక్కు తెరిచాడు. సోమవారం పేజీ. బుధవారం పేజీ. మళ్లీ సోమవారం పేజీ.

ఎనుములను వెతికినప్పుడు ఆయన ఎప్పుడూ వింతైన అడుగు కోసం చూసేవాడు. ఈసారి వింతైనదేదీ లేదు. అందువల్లనే కనబడలేదు.

ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు అందరినీ అదే గదికి పిలిపించాడు. తాను కూడా బూట్లు గడప బయట విడిచాడు. వినుత, ప్రేమ, అమరేష్ చాప మీద కూచున్నారు. నాగరత్న కిటికీ దగ్గర. అనిరుద్ధ చాప ఖాళీగా ఉంది. అది ఇప్పటికీ దులపలేదు.

వెంకటరాయప్ప నిలబడ్డాడు. ముప్పై నాలుగేళ్లలో ఒక గదినిండా అనుమానితులను కూచోబెట్టి మాట్లాడే అవకాశం ఆయనకు ఎన్నడూ రాలేదు. ఎనుము కేసులో అనుమానితులు పొలాల్లో ఉండేవారు. అందుచేత ఆయన కంఠంలో కొంచెం సభామర్యాద చేరింది.

"పోయిన ఆదివారం నాలుగూ పదికి ఈ గదిలో ముగ్గురు టీ తాగినారు. కవరు తెరిచింది నాలుగూ ముప్పై అయిదుకు. ఈ రెండింటి నడుమ ఇరవై అయిదు నిముషాలు. కవరులో ఏముండాదో అప్పటికి ఎవరికీ తెలీదు. జాబు చదివి ఆట ఆడాలనే అందరూ వచ్చినారు. అవునా పాపా?"

"అవును సార్," అంది వినుత.

"ఆట ఉండాదంటే గడప లోపల ఎవరి జాతి వారిది. గద్ద రెక్కలు ముడుచుకుంది. బాగుంది. నాగుకు చేతులుండవు. నాలుగేండ్లుగా స్ట్రాతోనే టీ. అమ్మ ఆ దినం కూడా స్ట్రా పెట్టింది. టీ చుక్క మిగల్లేదు. స్ట్రా పొడిగా తిరిగొచ్చింది."

ప్రేమ అమరేష్ వైపు తిరిగింది.

"మనిషి గ్లాసు చేత్తో ఎత్తి తాగడం లోకంలో అందరూ చేసేదే. అందుకే మీరెవరూ చూడలేదు. చూసినా పట్టించుకోలేదు. కానీ ఈ ఇంట్లో, ఈ చాప మీద, అది జరక్కూడనిది. నాగు చేతులు వాడిందంటే అది నాగుగా రాలేదు. ఆ దినం ఆట లేదని దానికి ముందే తెలుసు. కవరు ఇంకా తెరవకముందే తెలుసు."

"వాని చేతి మరక..." అని ప్రేమ మొదలుపెట్టింది.

"కడుక్కున్నా," అన్నాడు అమరేష్.

అతని గొంతు చాలా మామూలుగా ఉంది.

"ఫ్యాను పని అయినాక కిరోసిన్‌తో కడుక్కున్నా. మళ్ల సబ్బుతో మూడుసార్లు. వాని కాగితం కదా. మరక పడగూడదని. జిగురు తడిపి విప్పి, తెల్ల కాగితం పెట్టి మళ్ల అంటిస్తిని." అతను ఏ.ఎస్.ఐ. వైపు చూశాడు. "సార్, షెడ్డు కాడ నన్నొక్కణ్ణే అడిగింటే చెబుతుంటిని. ఈడ, అమ్మ ముందర ఎందుకు సార్?"

శనివారం నుంచి వెంకటరాయప్ప ఈ ప్రసంగాన్ని మనసులో పదిసార్లు దిద్దుకున్నాడు. ఎందుకు తీశాడన్న ప్రశ్న దగ్గరికి ఒక్కసారీ పోలేదు.

"ఎందుకప్పా తీసినావు?" అంది నాగరత్న.

"నువ్వొస్తానంటివి కదమ్మా. వాడు మా ముగ్గురికే రాసినాడు. నీకు నొప్పయ్యేదేదన్నా ఉంటాదేమోనని ముందుగా చూస్తిని. అంతే."

"ఉండాదా?"

అమరేష్ చొక్కా జేబులోంచి పాలిథిన్ కవరు తీశాడు. దానిలో మడిచిన కాగితం. ఆమెకు ఇవ్వలేదు, ఏ.ఎస్.ఐ. చేతిలో పెట్టాడు.

"మీరు చదవండి సార్. చదివినాక మీరే చెప్పండి."

వెంకటరాయప్ప చదివాడు. ఒక వైపు చదివి, తిప్పి, రెండో వైపు చదివాడు. ముప్పై నాలుగేళ్లుగా ఇతరుల అబద్ధాలు పట్టి జీతం తీసుకున్న ఆ మనిషి తన వంతుగా ఒకటి ఆడడానికి సిద్ధమయ్యాడు.

"ఆట సంగతులేనమ్మా ఇవన్నీ. బండ, గండి, వంతెన. మనకు పనికొచ్చేదేమీ లేదు."

నాగరత్న చెయ్యి చాపింది.

"ఇట్లా ఇయ్యప్పా. అబద్ధం చెప్పేవాళ్ల మొఖం ఎట్లుంటాదో నాకు తెలుసు. అద్దంలో చూస్తిని గదా అన్ని దినాలు."

ఇచ్చాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, పిల్లల కాపీ పుస్తకం దిద్దే టీచరులా వేలు పెట్టి చదివింది. పైకే చదివింది.

'సూత్రధారికీ, గద్దకూ, నాగుకూ బండ రాసేది. వంతెన విరిగిన స్తంభం కింద నేను నిలబడతాను. మీరు దాటండి. దాటినాక నా కోసం వెనక్కి రావద్దు. పాచిక వేయవద్దు. ఇందులో సందేహమేమీ లేదు.

'ఇంతవరకు ఆట. ఇక రాసేది ఆట కాదు.

'రిపోర్టు నేను చూశాను. అమ్మ రాగిపిండి డబ్బాలో దాచింది. బతికే అవకాశం నూటికి ముప్పై అని ఉంది. అమ్మ చిన్న ఆపరేషన్ అంటుంది. ఆ మాట అనేటప్పుడు నా మొహం చూడదు, నా చొక్కా గుండీలు సరిచేస్తుంది. నేను నమ్మినట్లే ఉన్నాను. భయంగానే ఉంది, కానీ ఆమె ముందు భయపడితే తాను చెప్పింది నేను నమ్మలేదని తెలిసిపోతుంది. నమ్మి వెళ్లానని ఆమెను అనుకోనివ్వండి. అమ్మకు చెప్పవద్దు.'

అక్కడికి వచ్చేసరికి గొంతు ఆగలేదు. చివరి వాక్యం కూడా పూర్తిగా చదివింది. మడతల మీదుగానే కాగితం మడిచింది.

"అమ్మా..." అన్నాడు వెంకటరాయప్ప.

"ఉండప్పా."

కింద వీధిలో ఎవరో స్కూటరు కిక్కు కొడుతున్నారు. అది రాజుకోవడం లేదు.

"వానికి వంటింట్లో డబ్బాలు యాడుంటాయో కూడా తెలీదనుకుంటి," అంది నాగరత్న. "వాడు చెప్పింటే, లేకపోతే నేను చెప్పింటే, ఆ నాలుగు దినాలు ఇద్దరం కూచుని ఏడ్చుకుంటుంటిమి. భయమంటే పట్టుకుంటుంటిని. అది కూడా లేకపాయె. ఒకరి ముందర ఒకరం నవ్వుకుంటా బస్సెక్కితిమి."

అమరేష్ ముఖం మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. "వాడు చెప్పొద్దన్నాడమ్మా. నేను ఇంకేం చెయ్యాల?"

"నువ్వు చేసింది సరే నాయనా. అడిగింది నేను."

నిజం ఈ విధంగా వెలుగులోకి వచ్చింది. కేసు ఛేదించిన అధికారి తలుపు పక్కన నిలబడి, ఒక చనిపోయినవాడు కోరిన ఒకే ఒక్క ఉపకారాన్ని తాను తెలివితో, కాలనిర్ణయంతో, సాక్ష్యాధారాలతో సహా ఎట్లా భగ్నం చేశాడో లెక్కవేసుకుంటున్నాడు. ఎక్కడా పొరపాటు లేదు. అదే ఆయనకు మింగుడుపడలేదు.

"అమ్మా, పిటిషన్ వాపసు తీసుకుంటావా?" అని అడిగాడు.

"తీసుకుంటా. నీ తప్పేం లేదప్పా. నాకు తెలియాలంటిని, తెలిసింది." ఆమె వినుత వైపు తిరిగింది. "పాపా, వాడు రాసింది మారుస్తారా మీ ఆటలో? బండ కూడా దాటిందని?"

వినుత భూకంపాలు తెప్పించగలదు. నదులను మళ్లించగలదు. ఆమె కళ్లు తుడుచుకుని తల అడ్డంగా ఆడించింది.

"రాసిచ్చింది రాసిచ్చిందేనమ్మా. అది వాని మాట."

"అట్లయితే ఆడండి. వాడు మిమ్మల్ని దాటమన్నాడు కదా."

నాగరత్న లేచి వచ్చి దులపని చాప మీద కూచుంది. జాబును ఒళ్లో పెట్టుకుంది.

వినుత పాచికను పక్కకు జరిపింది. పటం పరిచి, ఒక్కొక్కరికి గుర్తుగా ఉండే గింజల్లో బండ గింజను వంతెన కిందికి జరిపింది.

"వెనక మంట వస్తాండాది. స్తంభం విరిగింది. బండ కిందికి దిగి వంతెనను భుజానికెత్తుకుంది. గద్దా, ఏం చేస్తావు?"

"దాటతాండా," అంది ప్రేమ.

"నాగూ?"

అమరేష్ తల ఎత్తలేదు. చేతులు వీపు వెనక్కి పెట్టుకున్నాడు. వేళ్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి.

"నేను పోలేనక్కా."

"పోవాలప్పా," అంది నాగరత్న.

"దాటతాండా."

సూత్రధారి పటం మీద రెండు గింజలను అవతలి ఒడ్డుకు జరిపింది. ఘట్టం ముగించే ముందు ఎవరైనా వెనకబడ్డారేమోనని అడగడం ఆమె బాధ్యత. అడిగింది.

"ఈ ఒడ్డున బండ దగ్గర ఇంకెవరన్నా ఉండారా?"

"నేనుండాను లే," అంది నాగరత్న. "మీరు పోండి."